ఆటో టాపంత చెవులు

ఇది భక్తుడికీ భగవంతుడికీ మధ్య నడిచిన మహాకావ్యం. కాదులెండి, గాజువాకలో నేను క్యూలో నిలబడిన కథ.

మొన్న కూర్మన్నపాలెం రోడ్డు పక్కన వినాయకుడి బొమ్మకు రంగు వేస్తున్నారు. ఆ వాసనకు నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది. ఆ చవితి రోజుల్లోనే నానమ్మకు కంటి ఆపరేషన్.

"లోపలికి తీసుకెల్లేదాకా నా సెయ్యట్టుకుని కూకోరా, బయమేత్తంది" అంది నానమ్మ, ఆసుపత్రికి బయల్దేరే ముందు.

నాకు అంతకన్నా గొప్ప ఆలోచన వచ్చింది. మా వీధి వినాయకుడి చెవులు అప్పడాలంత. గాజువాక పందిట్లో వినాయకుడివి ఆటో టాపులంత. మొక్కు ఎవరికి బాగా వినబడుతుందో వేరే చెప్పాలా? చిన్నాన్నను బతిమాలి వెళ్లి, రెండు గంటలు నిలబడి, గొంతు చించుకుని మొక్కాను. బయటికొచ్చే దారి బొమ్మ వెనకనుంచి. అక్కడ దేవుడికి వీపే లేదు. వెదురుబద్దలు, గడ్డి, మధ్య ఖాళీలో లైట్లు పెట్టే ఆయన టిఫిన్ క్యారేజీ.

ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. కళ్లకు కట్టుతో నానమ్మ నా తల తడిమింది.

"నీకోసం పెద్ద దేవుడికి మొక్కాను నానమ్మా."

"అంత దూరం ఏటికెల్లావురా? దేవుడు ఈ మంచం కాడే ఉన్నాడు. ఆయనతో మాటాడతానే ఉన్నాను. నువ్వే లేవు."

నవ్వుతూనే అంది. ఇప్పుడు పట్టుకుందామంటే ఆ చెయ్యి లేదు.

మొన్న ఆ రోడ్డు పక్క బొమ్మ వెనక్కి తొంగిచూశాను. ఖాళీయే. చొక్కాకు మాత్రం రంగంటింది. కిరసనాయిలుతో రుద్దితే పోతుందట.