చిన్నబాపు దిగ్గొట్టిన మెట్లు

మీసం సరిగ్గ మొలవని గా రోజుల్ల ఒక్కొక్కనికి ఒక్కో పిచ్చి. మా దోస్తులకు బండ్ల పిచ్చయితే, నాకు పాత బేస్ గిటార్ల పిచ్చి. సిరిసిల్లల పుట్టి, సాంచాల చప్పుడు తప్ప ఇంకోటి ఎరుగని పోరనికి గీ రోగం ఎట్ల అంటుకున్నదని మా అమ్మ ఇప్పటికీ అడుగుతది. (సాంచాలంటే మరమగ్గాలు. మా ఇంట్ల మాట వినపడాలంటే ముందుగాల అవి బంద్ జెయ్యాలె.) పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాల బేస్ వాయించుకుంట, వచ్చిందంత పాత గిటార్లకే పోసేటోన్ని.

గట్ల తిరుగంగ తిరుగంగ కోరుట్లల దొరికింది అసలుది. దుబాయి నుంచి వాపస్ వచ్చిన ఒకాయన ఇంట్ల సజ్జ మీద, దుప్పట్ల చుట్టి ఉన్నది. నేను పుట్టకముందుది. మెడ మీద ఒక్క మెట్టు లేదు. మెట్లంటే వేలు ఎక్కడ ఒత్తాల్నో చెప్పే ఇనుప గీతలు. అవి లేకుండనే చేసిన బేస్, గంత పాతది, ఎక్కడ దొరుకుతది? వేలు జార్చితే ముసలాయన మూలిగినట్టు పలికేది. కాళ్లా వేళ్లా పడి తెచ్చుకున్న.

తెల్లారి జగిత్యాల్ల పెండ్లి ప్రోగ్రాం. గా గుంపుల ఎందుకని దాన్ని చిన్నబాపు ఇంట్ల పెట్టి పోయిన. చిన్నబాపంటే మా నాయిన తమ్ముడు, సాంచాలు బాగుచేసే మేస్త్రి. ఆ చప్పుడుకే చెవులు పోయినయి. కానీ నేను వాయిస్తే మాత్రం అచ్చి, గిటార్ కట్టె మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకునేటోడు. (మా ఖాందాన్ల నాకున్న ఒకే ఒక్క అభిమాని, గాయిన చెవిటోడు.)

వాపస్ అచ్చేసరికి బేస్ చాప మీద ఉన్నది. మెడ నిండ మెట్లు.

"ఎవడో మెట్లన్ని పీక్కున్నడురా కొడుకా, నీ కడమ గిటార్లకు ఉన్నయి గద," అన్నడు చిన్నబాపు. "సాంచ తీగెలు కోసి దిగ్గొట్టిన. స్కేలు పెట్టి కొలిసిన, సూడు, వెంట్రుకవాసి తేడ లేదు."

గదే నా ఖర్మ. మెట్లు కిందికి పోయినకొద్ది దగ్గర పడాలె, లేకుంటే ఒక్క స్వరం సక్కగ రాదు. బతుకంత పోగుకు పోగుకు సందు సమానం చూసిన మనిషి ఎక్కువ తక్కువ ఎట్ల పెడతడు? "నీ కడమవి అడ్డదిడ్డం ఉన్నయి, అవి గూడ సరిజేస్త తియ్," అన్నడు. గా పొద్దే వాటిని అమ్మ మంచం కిందికి తోసిన.

సాంచాల చాటుకు పోయి నిజంగనే ఏడ్సిన. చెప్తే ఆయనకు వినపడది, తెలిస్తే తట్టుకోడు. వాయించుమని సైగ జేసిండు. వాయించిన. సాంచకే సిగ్గయ్యేటట్టు వచ్చింది. ఆయన అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకొని, "ఇప్పుడు సక్కగ పలుకుతుంది," అన్నడు.

గా బేస్ మళ్ల ఏ పెండ్లికి పోలే. చిన్నబాపు ఉన్నన్ని దినాలు మెట్లు పీకించబుద్ధి కాలే, పోయినంక అసలే కాలే. ఇన్నేండ్లు స్పీకర్ల ముందట నిలబడి నా చెవులు గూడ సగం పోయినయి. మొన్న దుమ్ము దులిపి, పొట్టకు ఆనించుకొని, గా పాత పెండ్లి పాటే వాయించిన. సక్కగనే పలుకుతున్నట్టు అనిపించింది. ఇంట్ల ఎవ్వరు వింటలేరు గదా అని అటు ఇటు చూసి, ఇంకోసారి వాయించుకున్న.