కాలిన ఆయిలు, సిమెంటు దుమ్ము

నా కారుకు ఈ జూన్‌తో పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించకపోతే అది తుక్కే. నాకు డెబ్బై ఒకటి. కర్నూలు నుంచి కోడుమూరు అవతల ఉన్న మా ఊరికి ప్రతి ఆదివారం నేనే నడుపుకుంటూ పోతాను. అక్కడి మందిరంలో హార్మోనియం వాయించేది నేను. బస్సులో పోతే సగం ఆరాధన అయిపోయి ఉంటుంది. అందుకే ఆ కారు నాకు కావాలి.

కళ్ల ఆపరేషన్లు చేయించుకున్న రెండేళ్లు దాన్ని మా తమ్ముడి దగ్గర ఉంచాను. వాడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిప్పుతాడు. ఏప్రిల్‌లో కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. పైన తళతళలాడుతోంది. ముక్కాలిపీట వేసుకుని కూర్చుని వెనక చక్రం పైన, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టాను.

చెయ్యి మెత్తగా దిగబడింది. బయటికి తీస్తే నల్లటి జిడ్డు, అందులో కోడి ఈక, ఎవరివో తల వెంట్రుకలు. గరిటెతో గీకితే అరచేతి మందాన పెళ్లలు ఊడాయి. వాటి వెనక రేకు తడిగా ఉంది. వాడు కారు కడిగించి మూడు రోజులైంది. ఈ ఎండల్లో రాళ్లు పగులుతుంటే అక్కడ మాత్రం నీళ్లు ఆరలేదు. స్క్రూడ్రైవరు ఆనిస్తే ఎడమ వైపు రేకులోకి దిగిపోయింది.

"ఏం పూసినావురా దీనికి?"

"లారీల అడుగున కొట్టే కాలిన ఆయిలేలేక్కా. వానలకు ముందు మేమందరం కొడతాం. తుప్పు రాదు."

"లారీకి ఈ మడత యాడుండాది? ఈ అంచులో నీ ఆయిలూ, మీ సిమెంటు దుమ్మూ కలిసి రొట్టె మాదిరి గట్టిపడినాయి. నీళ్లు పోయే బెజ్జం మూసుకపోయింది. ముట్టుకుని చూడు."

"ఇప్పుడే నీళ్లు పోసుకున్యా," అని వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

కర్నూలులో వాడికి తెలిసిన టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. మేస్త్రి వంగి చూసి నవ్వాడు.

"దీనికేముండాదమ్మా, బొక్కకు ఇనుప జాలీ పెట్టి, పైన లప్పం పట్టిచ్చి రంగు కొడతా. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాదు, కంపెనీ వాడొచ్చినా కనుక్కోలేడు."

పక్కనే ఇంకో కారు అలాగే తయారవుతోంది. చక్రం పై బొక్కలో పాత పేపర్లు కుక్కి, పైన లప్పం మెత్తుతున్నారు. పేపరు మీద ఒక పెళ్లికూతురి ఫోటో సగం కనిపించింది.

"ఆ కారు ఎవరిదప్పా?"

"అమ్మకానికమ్మా. కొనేటోనికి యాడ తెలుస్తాది?"

ఆ మాట అతను సిగ్గుపడకుండా అన్నాడు. మా తమ్ముడు పక్కన నిలబడి తల ఊపాడు. ఆయిలు జిడ్డు కంటే అది నాకు ఎక్కువ రోతగా అనిపించింది.

తుప్పు పట్టినదంతా మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలన్నాను. ప్రైమరు ఆరాకే అతుకులో నీళ్లు దిగకుండా సీలెంటు, ఆ పైన రంగు. బెజ్జం మాత్రం తెరిచే ఉండాలి. మేస్త్రికి ఇష్టం లేకపోయినా చేశాడు, నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను కాబట్టి. అయ్యాక అంచులో చెంబెడు నీళ్లు పోశాను. అన్నీ కిందికి కారిపోయాకే లేచాను.

జూన్‌లో రిజిస్ట్రేషన్ పొడిగింపుకు కారును ఆర్టీవో ఆఫీసుకు తీసుకుపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు, ఛాసిస్ నంబరు చూశాడు. చక్రాల వైపు వంగనైనా లేదు. ఐదేళ్లకు పొడిగించి, ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

"చూసినావాక్కా, లప్పం పెట్టింటే సరిపోయేది," అన్నాడు మా తమ్ముడు. "సరేలే, వచ్చే వారం బండి ఒకసారి ఇస్తావా? ఎర్రగుంట్లలో పనుండాది."

"బస్సులు శానా ఉండాయి, పో," అని కారు ఎక్కాను.