పెద్ద మామా పేరున రాబందులకు ముద్ద

“రా తల్లీ, రా నాయనా, వచ్చి ఒక్క ముద్ద ముట్టు” అంటూ రోడ్డు పక్కన ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చెయ్యి నుదుటికి ఆనించి దణ్ణం పెడుతున్నాను. ఎదురుగా చచ్చిన గొర్రె చుట్టూ కూర్చున్న రాబందులు నా వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు. కాసేపట్లో నా కొంప కొల్లేరు కాబోతోందని వాటికి తెలుసేమో మరి, నాకు మాత్రం తెలీదు. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

మాది రాయచోటి పక్క పల్లె. కువైట్‌లో జాబ్రియాలో ఒక ఇంట్లో పని చేస్తాను. ఆ ఇంటి యజమానురాలిని మామా అంటాం, అరబ్బీలో అమ్మ అని. ఆమె అత్తగారు నూరా. ఈ అత్తగారు మాకు పెద్ద మామా. ఆ ఇంట్లో గాలి కూడా పెద్ద మామాను అడిగే వీస్తుంది.

ఆ శుక్రవారం వాళ్ళంతా పొద్దున్నే అబ్దలీలో ఉన్న తోటకు వెళ్ళిపోయారు. వెనకాలే మచ్‌బూస్ తీసుకురమ్మని పెద్ద మామా ఆజ్ఞ. మచ్‌బూస్ అంటే మన మాంసం పులావుకు అరబ్బు చుట్టం అనుకోండి. కోడి కూయకముందే లేచి వండాను. పళ్ళెం ఎంత పెద్దదంటే, అందులో పసిబిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోయొచ్చు.

ఆ పళ్ళెం మీదే నా ఆశంతా. చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. అమ్మ మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకుండా ఉంది. సెలవు అడిగితే మామా, “మా అత్త ఊ అంటే పో” అంది. కడుపు నిండిన మనిషి ఊ అనడం తేలిక కదా! భోజనాలయ్యాక అడగాలని మాటలు కూడా బట్టీ పట్టాను.

సగం దారిలో టైరు తుస్సుమంది. బండి నడిపేది కడప సుబ్బన్న. ఆయన దిగి జాకీ పెడుతుంటే నేనూ దిగాను. అప్పుడు కనిపించాయి. బోడి తలలు, భుజాల మీదికి మెడ ముడుచుకుని, మఫ్లర్ చుట్టుకున్న రిటైర్డ్ హెడ్మాస్టర్లలా కూర్చున్నాయి.

“సుబ్బన్నా, రాబందులు!”

“ఉంటే ఉండనీ మే. మనమింకా సావలేదులే. ఆ స్పానర్ ఇట్లియ్యి.”

మా నాన్న ఎప్పుడూ అంటుంటాడు, మా కొండల్లో రాబందులు కనిపించకుండా పోయాయని. చెల్లెలేమో, “ఎప్పుడు సూసినా బాత్రూం టైల్స్ ముందర నిలబడిన ఫోటోలే పెడ్తావు గదక్కా, ఆ దేశంలో ఇంకేమీ లేదా?” అని దెప్పుతుంది. ఇద్దరికీ ఒకే దెబ్బతో జవాబు చెప్పాలనుకున్నాను. ఫోన్ తీశాను. జూమ్ చేస్తే కందిపప్పులో నల్లరాళ్ళలా వచ్చాయి. దగ్గరికి పోతే అవి వెనక్కి గెంతాయి. నేనూ గెంతాను. అవీ గెంతాయి.

సుబ్బన్న టైరు కింద నుంచే నవ్వాడు. “కాకికి పెట్టినట్ల ముద్ద పెట్టి పిలువు మే, పరిగెత్తుకోని వస్తాయి.”

ఆయన ఎకసెక్కానికే అన్నాడు. నా బుర్ర మాత్రం దాన్ని సలహా అనుకుంది. డిక్కీ తెరిచి, పళ్ళెం మీది రేకు లేపి, ఓ మూల నుంచి ముద్ద చేసి, మీద ఒక మాంసం ముక్క గుచ్చి ఇసుకలో పెట్టాను.

“పేరు చెప్పకుంటే ఏ పిట్టా ముట్టదు మే” అని మళ్ళీ ఎగదోశాడు సుబ్బన్న. “అయినా ఆడోళ్ళు పెట్టగూడదే!”

“ఇది కువైట్ అన్నా, ఏం గాదు. ఎవురి పేరు చెప్పేది? మావాళ్ళంతా బతికుండారు.”

“మావాళ్ళ పేరు మాత్రం ఎత్తినావంటే నడుసుకుంటా పోతావు!”

ఆలోచించాను. కూడు ఎవరిదో పేరు వాళ్ళదే కదా! సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, కూడొకరిది పిండమొకరిది కాకూడదు. వీడియో నొక్కి, గొంతు సవరించుకున్నాను.

“నూరా పెద్ద మామా! నీకేం తక్కువ జేసినామమ్మా? కోపం పెట్టుకోవాకు. తీరని కోరిక ఏమన్నా ఉంటే మేం తీరుస్తాం. వచ్చి ముట్టు తల్లీ!”

ఒక రాబందు మెల్లగా తల తిప్పింది. ఫోన్ ఇంకాస్త ముందుకు చాచాను. అది నన్ను కాదు, నా వెనక్కి చూస్తోంది. ఏదో చప్పరిస్తున్న చప్పుడు. వీడియో ఆపకుండానే తిరిగి చూస్తే, మన డిక్కీలో మెడ దాకా దూరిన ఒంటె! రాబందుకు లేని ఆకలి ఒంటెకెందుకో చెప్పండి!

“సుబ్బన్నా! కూడు! కూడు!”

సుబ్బన్న స్పానర్‌తో వచ్చాడు. ఒంటె ఆయన్ను చూసి, నిదానంగా నమిలి, మిగిలిన అన్నాన్ని ఇసుక మీదికి నెట్టి, పెళ్ళి భోజనం చేసిన వియ్యంకుడిలా వెళ్ళిపోయింది.

తోటలో మామా ఖాళీ పళ్ళెం చూసింది. “శిను హాదా? ఏంటిది?”

“జమల్, మామా. ఒంటె తినేసింది.”

“ఒంటెకు మూత తీయడం వచ్చా? మీరే దారిలో తిన్నారు!”

ఇంతమంది అన్నం మేమిద్దరం తింటే మమ్మల్ని కారులో కాదు, క్రేన్‌లో తేవాలి. రుజువుందంటూ ఫోన్ తీసి వీడియో చూపించాను. ఒంటెను చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. మామా కూడా నవ్వింది. పెద్ద మామా మాత్రం నవ్వలేదు.

“మొదట్లో నా పేరు చెప్పి ఏడుస్తోంది. ఎందుకు?”

మామూలు రోజుల్లో సుబ్బన్న నోట్లో నాలుగు అరబ్బీ మాటలు కూడా పెగలవు. ఆ రోజు గంగలా పొంగాయి. మా వైపు మనిషి పోతే కాకికి ముద్ద పెట్టడం, పేరు చెప్పి పిలవడం, అంతా పూసగుచ్చాడు. నేను ఇసుకలో బొరియ కోసం వెతికాను.

పెద్ద మామా నన్ను ఎగాదిగా చూసింది. “నేను చచ్చానా?”

“లేదు మామా!”

“పక్షులు ముట్టాయా?”

“ఒక్కటి కూడా ముట్టలేదు మామా.”

“ముట్టకపోతే ఏమని అర్థం?” అని సుబ్బన్న వైపు తిరిగింది.

“తీరని కోరిక ఇంకా ఉందని” అన్నాడు ఆ మహానుభావుడు.

“ఉంది. ఈ పిల్లను వెంటనే విమానం ఎక్కించాలి.”

గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. “ఖలాసా మామా? మళ్ళీ రాకూడదా?”

“నా కోడలు చెప్పిందిలే, చెల్లెలి కాన్పు అయ్యాక రా. పుట్టేవాళ్ళ దగ్గర కొన్నాళ్ళుండు. బతికున్నవాళ్ళ దగ్గర నిన్ను ఉంచడం ప్రమాదం.” అప్పుడు నవ్వింది. కట్టుడు పళ్ళు కదిలేలా నవ్వింది. ఆ మధ్యాహ్నం అందరూ రొట్టె, పెరుగు తిన్నారు.

కాబట్టి మహాజనులారా, నన్ను కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఒట్టు: ఈ జన్మలో రాబందుకే కాదు, ఫారం కోడికి కూడా ఫోటో తీయను. తీసినా ముద్ద పెట్టను. పెట్టినా బతికున్నవాళ్ళ పేరు చెప్పను.

ఒట్టయితే పెట్టుకున్నాను కానీ మనసు నిలవలేదు. ఆమె పేరు చెప్పాక అదే కూడు ఒంటె తింటే పిండం ముట్టినట్టు లెక్కలోకి వస్తుందా, రాదా? తెల్లారగానే చాయ్ పట్టుకుని పెద్ద మామా గదిలోకి వెళ్ళాను. కదలడం లేదు. కప్పు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఒక కన్ను తెరుచుకుంది.

“ఇంకా లేదు” అంది పెద్ద మామా. “చాయ్ అక్కడ పెట్టి పో.”