పల్లవి దాటాక

మస్కట్‌లో మేం నలుగురం నర్సులం కలిసి పాడేవాళ్లం. ఒకే హాస్టల్, ఒకే బస్సు, సెలవు రోజైన శుక్రవారం చర్చి ఆరాధనలో ఒకే మైకు. మాలో పెద్దావిడను అక్కా అని పిలిచేవాళ్లం. అసలు రాగం ఆవిడదే. నాది బరువు గొంతు కాబట్టి ఆ రాగానికి తోడుగా కింద నడిచే రెండో గొంతు, అంటే సెకండ్, నాకిచ్చారు. అది విడిగా వింటే పాటలా ఉండదు, ఎవరో ఏదో గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి నేను పాడింది అదే.

ఒక్క చరణమైనా నన్ను పాడనివ్వమని అడిగితే అక్క నవ్వింది.

"నీ గొంతు కలిపితేనే బాగుంటాదే. విడిగా ఇంటే ఎవరో మగాయన పాడుతున్నట్టు ఉంటాది. ఒంటికాయ సొంటికొమ్ములాగ నిలబడి ఏం పాడతావు?"

ఒళ్లు మండింది. ఆ వారమే గ్రూపు మానేసి వేరే హాస్టల్‌కి మారిపోయాను. కోపం ఉన్నన్నాళ్లు ధైర్యంగానే ఉన్నాను. కోపం చల్లారాక భయం మొదలైంది.

అంతలో ఒమాన్‌కి ఆ చివరనున్న సలాలా ఊరి నుంచి ఫోన్. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘం పెద్దాయన, "మీరొక్కరే ఒక పాట పాడాలండి" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతులు చల్లబడి ఉన్నాయి. అక్కడ పాడలేకపోతే అక్క మాట నిజమైపోతుంది. తిరిగి ఆ ముగ్గురి దగ్గరికి వెళ్లడానికి మొహం ఉండదు. సాధన చేద్దామంటే రూమ్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీ చేసొచ్చి పడుకునే ఉంటారు. అందుకని పెదవులు కదుపుతూ మనసులోనే పాడుకున్నాను. అలా పాడుకుంటున్నప్పుడు లోపల వినిపించేది అక్క గొంతని నాకు తట్టనే లేదు.

సలాలాలో సన్నగా తుంపర పడుతోంది. హాలు నిండిపోయింది. ముందు కుర్చీల్లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, సెలవు దొరికినవాళ్లు, తలమీద ముసుగులతో కూర్చున్నారు. కీబోర్డు అబ్బాయి ఏ శ్రుతి, ఏ స్కేలని అడిగితే అలవాటుగా అక్క స్కేలే చెప్పాను.

నోరు తెరిచాను. వచ్చింది రెండో గొంతు.

కీబోర్డు అబ్బాయి తలెత్తి చూశాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు. మాటలు తెలిసినవే, పాట మాత్రం ఎవరికీ అందడం లేదు. రెండో పాదంలో సరిదిద్దుకోబోయాను. గొంతు మళ్లీ ఆ పాత దారిలోకే పోయింది.  పరువు పోతే పోయింది, పారిపోదామని మైకు దించబోయాను.

ముందు కుర్చీలోంచి కడప వైపు ఒకామె మాటలు గుర్తుపట్టి అసలు రాగం అందుకుంది. పక్కవాళ్లు కలిశారు. హాలంతా కలిసింది. వాళ్ల పాట కింద నా గొంతు వెళ్లి తన చోట్లో కూర్చుంది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఇక పల్లవి వదిలితే ఒట్టు. తిప్పి తిప్పి పాడించాను. చివరికి విసుగొచ్చి కీబోర్డు అబ్బాయే చరణంలోకి వెళ్లిపోయాడు. జనం ఆగిపోయారు.

నేను ఆ కడప ఆవిడ వైపు చూశాను. ఆమె మెల్లగా అంది.

"మాకు పల్లవి ఒగటే వచ్చు మా. ఆపైన నువ్వే పాడల్ల."

అక్క స్కేలులో పైకి వెళ్లే శక్తి నాకు లేదు. అందుకని అసలు రాగాన్నే కింది స్థాయిలో, నాకు అందేచోట ఎత్తుకున్నాను. గొంతు వణికింది. బరువుగా, నాకే కొత్తగా వినిపించింది. నిజంగానే మగాయన పాడుతున్నట్టుంది. ఎవరూ నవ్వలేదు. చరణం అయ్యేదాకా నిశ్శబ్దంగా విని, పల్లవికి మళ్లీ వచ్చి కలిశారు.

ఆ వీడియో ఎవరో పంపితే అక్క చూసిందట. నేను గ్రూపు మానేశాక మొదటిసారి ఫోన్ చేసింది.

"పల్లవిలో సెకండ్ పాడేసేవేంటే?"

ఆ సంగతి పట్టుకోగలిగింది ఆవిడ ఒక్కతే.

"పైన నువ్వు లేవని మర్చిపోయానక్కా."

 అక్క చిన్నగా అంది.

"మొన్న శుక్రవారం నేనూ పల్లవి మధ్యలో ఆగిపోయానే. కింద ఎవరూ ఇనబడలేదు. భయమేసింది."

తిరిగి రమ్మని ఆవిడ అడగలేదు. వస్తానని నేనూ అనలేదు. వచ్చే శుక్రవారం మస్కట్‌లోనే ఖురం అనే పేటలో నేనొక్కదాన్నే పాడాలి. ఫోన్ పట్టుకున్న చెయ్యి అప్పుడే చల్లబడింది.