‘అవి’ ఆపాలని అర్జీ

‘అవి వెంటనే నిషేధించాలి’ అని పూలి పెట్టిన అర్జీ, ‘ఏవి?’ అన్న ప్రశ్నతో కలెక్టరాఫీసు నుంచి తిరిగొచ్చింది. టైపు చేసింది పాల్వంచ బస్టాండు పక్కన ముప్పయ్యేళ్లుగా అర్జీలు రాస్తున్న చాంద్ పాషా. పట్టాలూ పింఛన్లూ టకటకా కొట్టే ఆ అలసిన వేళ్లు ‘బూతు వీడియోలు’ అన్న మాట దగ్గరికి రాగానే ఆగిపోతాయి. ఆయన గొంతు సవరించుకుని ‘అవి’ అని కొట్టేస్తాడు. నిషేధం వద్దు, ఎవరిష్టం వాళ్లదని మొన్న రాయించుకున్న లెక్చరరుకూ అదే మాట దక్కింది. పూలి భర్త షిఫ్టు దిగి వాటిలో తలదూర్చితే మళ్లీ ఎత్తడు. ఆమెతో నోరారా మాట్లాడి నెలలైంది.

“ఏంది చాచా, గిట్ల రాసినవ్? ఆఫీసుల అందరు నన్ను చూసి నవ్విండ్రు!”

చాంద్ పాషా నిట్టూర్చాడు. “నవ్విండ్రంటే అందరికి సమజైనట్టే కద బిడ్డా.”