కుళాయిలో నిలిచిన తేనె

మా అత్తగారి నాలుకకు పదునెక్కువ, చేతికి నిజాయతీ ఎక్కువ. రెంటి మధ్యా నలిగేదాన్ని నేను. ముందుగదిలోనే ఆమె తేనె వ్యాపారం. కొన్న తేనెను వడకట్టి పెద్ద రేకు డ్రమ్ములో పోస్తుంది, అడుగున టంకం పెట్టి అతికించిన ఇత్తడి కుళాయి తిప్పి సీసాలు నింపుతుంది.

పొద్దున్నే వచ్చే మొదటి గిన్నెడు మాత్రం అమ్మదు. "రాత్రంతా కుళాయిలో నిలిచింది. కొనేవాళ్లకు మంచిది పొయ్యాలి," అంటుంది. అలాగని పారబోస్తుందా? ఆ మాటంటే ముందు నన్ను పారబోస్తుంది. ఆ గిన్నె నా కూతురిది. నిద్రకళ్లతోనే చెంచా పట్టుకుని వచ్చి నాయనమ్మ ఒళ్లో కూర్చునేది.

"రోజూ అంత తీపి ఎందుకత్తయ్యా?" అంటే, "తేనె తిని చెడినవాళ్లెవరే?" అని నా నోరు మూయించేది.

ఒక పెద్ద దుకాణం వాళ్లు మా తేనె కొనేముందు పరీక్ష చేయించారు. సీసం అనే విషలోహం ఉండకూడనంత ఉందని తేలింది. అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైంది. "పంచదార పాకమే కలపనిదాన్ని, సీసం కలుపుతానా?"

డ్రమ్ము చూడ్డానికి వచ్చిన పరీక్షాశాల అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "మీరు కలపలేదండీ. తేనెలో పులుపుంటుంది, ఈ టంకంలోని సీసాన్ని లాగేస్తుంది. డ్రమ్ములో పైనున్న తేనె బాగానే ఉంటుంది, అడుగుదాంట్లోకి కొంత దిగుతుంది. రాత్రంతా కుళాయిలో నిలిచినదాంట్లోనే ఎక్కువ చేరుతుంది. పొద్దున ఆ మొదటిది ఎవరికి అమ్ముతారు?"

"ఎవరికీ అమ్మను," అంది అత్తగారు తలెత్తి. ఆ వెంటనే నా వైపు చూసింది. నేను పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాను.

పిల్ల రక్తంలోనూ సీసం కనబడింది. ఆ తేనె ఆపేస్తే మెల్లగా తగ్గుతుందని, మళ్లీ పరీక్షించాలని డాక్టరు చెప్పాడు. దారంతా తిట్లు కూడబెట్టుకుని ఇంటికొచ్చాను. అత్తగారు డ్రమ్ము పక్కన నేల మీద కూర్చునుంది.

"తిట్టవే," అంది.

అలా అడిగిన మనిషిని ఏమని తిట్టను? ఇద్దరం ఏడ్చాం.

అమ్మిన సీసాలన్నీ ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చింది. స్టీలు కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కొంది. కొత్త తేనె పరీక్షలో నెగ్గింది. అయినా పొద్దున్నే కుళాయి తిప్పి, చుక్క వృథా చెయ్యని ఆ మనిషి, మొదటి గిన్నెడు తూములో పోసింది.

"నాయనమ్మా, అది నాది కదా?" అంది చెంచాతో వచ్చిన పిల్ల.

"ఇకనుంచి నువ్వూ కొనేవాళ్ల లెక్కే. వరసలో నించో," అని, అమ్మడానికి నింపిన సీసా మూత తీసింది.