నాన్న చెయ్యి కనపడేలోపే నీలం తెర

మా చిన్నప్పుడు నాన్న మాకు విడతలుగా కనపడేవారు... ముందు నుదురు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత మీసం. మీసం దాకా వచ్చేసరికి కంప్యూటర్ తెర మొత్తం నీలంగా మారిపోయేది. ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి... తర్వాత దానంతటదే ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది.

నాన్న సరుకు ఓడలో ఫిట్టర్. గాజువాకలో అద్దింట్లో అమ్మ, నేను. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఓడ ఏదైనా రేవుకి చేరితే నాన్న ఒడ్డున ఉండే ఓడవాళ్ళ క్లబ్బుకెళ్ళి ఇంటర్నెట్‌లో మాట్లాడేవారు. ఉత్త మాటలైతే పర్వాలేదు... చివర్లో మొహం చూద్దామని వీడియో పెట్టామా, ఇక అంతే.

ఆ ఏడాది వానాకాలంలో నాన్న కుడి చేతికి దెబ్బ తగిలింది. ఇంజన్ గదిలో ఏదో జారి మీద పడిందట. "ఏటీ నేదే, సిన్న దెబ్బ" అన్నారు. అమ్మ నమ్మలేదు. నాన్నతో పనిచేసే ఒకాయన అలాగే చిన్న దెబ్బే అన్నాడు, తీరా ఇంటికొస్తే రెండు వేళ్ళు లేవు. దాంతో అమ్మకి ఒకటే పట్టుదల... ఆ చెయ్యి తన కళ్ళతో చూడాలి.

ఓడ రిపేరు కోసం ఆగింది. గురువారం పొద్దున్నే కదిలిపోతుంది. కదిలితే నెలన్నర దాకా మాటా పలుకూ ఉండదు.

సోమవారం సాయంత్రం "ముందు సెయ్యి సూపించండి!" అని అమ్మ అరుస్తుంటే నాన్న భుజం కదిలింది... నీలం తెర. మంగళవారం మీసం కూడా రాలేదు.

అమ్మకి కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. కంప్యూటర్ మీద గుడ్డ సర్దేది, గుమ్మంలోకెళ్ళేది, మళ్ళీ వచ్చి అదే గుడ్డ సర్దేది. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మానిటర్‌కి దిష్టి కూడా తీసింది. నేను నవ్వితే నా వీపు మీద ఒక్కటిచ్చింది. నెట్ సెంటర్‌కి పోదామంటే ఒప్పుకోలేదు. "అంతమందిలో ఆ సెయ్యి సూసి నాను ఏడిత్తే బాగుంటాదేటి?" అంది.

నాకో అనుమానం ఉండేది. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఆటోనగర్‌లో లేత్ షాపులో చేసేవాడు. కంప్యూటర్లంటే పిచ్చి. మేం ఇంట్లో నెట్ పెట్టించుకున్న ఉగాదికే మాకు కానుకగా ఒక ర్యామ్ ముక్క తెచ్చి పాతదాని పక్కన గుచ్చాడు. కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ సంగతులు గుర్తుంచుకునేది ఆ ర్యామే. "ఇంక సూడక్కా, గుర్రంలా పరిగెడతాది" అన్నాడు. నీలం తెర మొదలైంది ఆ తర్వాతే! ఆ మాటే అమ్మతో అన్నాను. "నా తమ్ముడు ఇష్టంగా పెట్టిందాని మీద పడ్డావేటి? కెమెరా పాడైపోనాది, అంతే" అంది. పుట్టింటివాళ్ళు పెట్టినదానికి వంక పెట్టడం మా ఇంట్లో కుదరదు... అది చీరైనా, ర్యామైనా.

బుధవారం పొద్దున్నే మావయ్య వచ్చాడు. ఆయనదీ కెమెరా పాటే. అది మార్చాడు... నీలం తెర. వైరస్ అన్నాడు. మొత్తం తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కిద్దామని సీడీ పెట్టాడు. ఏదో ఫైలు కాపీ అవ్వడం లేదని సగంలో ఆగిపోయింది. మళ్ళీ పెడితే ఇంకో ఫైలు దగ్గర ఆగింది. ఇంకోసారి పెడితే మరోటి. సీడీ పాడైతే ఎప్పుడూ ఒకచోటే ఆగాలి కదా... మావయ్య చూపు కంప్యూటర్ డబ్బా మీదికి పోయింది.

"అయిందేట్రా? ఆరింటికి ఆయనొచ్చీత్తారు!" అని అమ్మ వంటింట్లోంచి ఒకటే కేకలు.

మావయ్య డబ్బా పక్క రేకు విప్పాడు. తను పెట్టిన ముక్క ఊడదీసి, నా దగ్గర రబ్బరు తీసుకుని, దాని అంచున పసుప్పచ్చగా మెరిసే గీతల్ని రుద్ది మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ ఆగింది. దాన్ని తీసేసి పాతదొక్కటే ఉంచాడు. నత్తనడక నడిచింది గానీ ఎక్కడా ఆగలేదు. పూర్తయ్యాక పాతది తీసి కొత్తదొక్కటే పెట్టి చూశాడు... మొదలవుతూనే నీలం తెర. ఉత్త మాటలకి పాతదే సరిపోయేదట. వీడియో వస్తేనే కొత్తదాన్నీ వాడబోయి ఆగిపోయేది; పాతదొక్కటే ఉంటే నెమ్మదిగానైనా నడుస్తుందట.

"అక్కా... నాను పెట్టిందే పాడుది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని నానే..." అన్నాడు తల దించుకుని.

అమ్మ ఒక్క క్షణం ఆయన్నే చూసింది. "నీకేటి తెల్సురా... బేగి బిగించు, టైమైపోతంది!" అంది.

ఆరింటికి నాన్న వచ్చారు. నుదురు... కళ్ళు... మీసం. మేం ముగ్గురం తెర మీదికి వంగాం. భుజం... ఆ తర్వాత చెయ్యి! అరచేతికి తెల్లటి కట్టు. నాన్న వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూపించారు. ఐదూ ఉన్నాయి.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అన్నం ఎలాగ తింతన్నారు?" అంది. "సెంచాతో" అన్నారు నాన్న. "సెంచాతో అన్నమేటండీ..." అంది అమ్మ.

చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. కంప్యూటర్ మాత్రం ఆగడం లేదు! అప్పుడర్థమైంది నాకు... అంతకుముందు ఫోన్ కార్డు అయిపోయి మాట తెగిపోయేది, తర్వాత నీలం తెర వచ్చి తెగిపోయేది. "ఇంక ఉంటాను" అని వాళ్ళిద్దరిలో ఎవరూ ఎప్పుడూ అనాల్సిన పని పడలేదు.

"మరి..." అంటారు నాన్న. "ఊఁ" అంటుంది అమ్మ. మళ్ళీ ఇద్దరూ అలాగే చూసుకుంటూ కూర్చుంటారు. అక్కడ క్లబ్బులో ఎవరో నాన్నని లెమ్మంటున్నారు. చివరికి అమ్మ మౌస్ నా చేతిలో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంది. "నువ్వు ఆపీయే... నా వల్ల అవ్వదు."

నేనే ఆపాను.

ఇప్పుడు మధురవాడలో నా ఆఫీసులో పొద్దస్తమానం వీడియో కాల్సే. ఒక్కటీ మధ్యలో ఆరిపోదు. "సరే, బై" అనేసి ఎర్ర గుండీ నొక్కేస్తాను... అవతలివాళ్ళ మాట పూర్తయిందో లేదో కూడా చూడను. అంత తేలికైపోయింది ఆ మాట.

మీ ఇంట్లో "ఇంక ఉంటాను" అని ముందు ఎవరంటారు?... అనలేక కూర్చుండిపోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గురించి నాకు చెప్పరూ...